ట్యూబు వెనుక అక్షరాలు

పోయిన ఆదివారం సాయంత్రం అరుగు మీద కూర్చుని పాత పుస్తకాల దుమ్ము దులుపుతూ ఉండగా నా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చాడు. ఇంటర్మీడియట్ ముగించి ఇంజనీరింగు కళాశాలలో చేరబోతున్నాడు. కుశల ప్రశ్నలు అయ్యాయి. వెళ్ళబోయేవాడిలా లేచి, మళ్ళీ కూర్చుని, గొంతు తగ్గించి, "సార్, మొటిమల మచ్చలకు ఏ క్రీము మంచిదండీ?" అని అడిగాడు.

ముప్ఫై ఏళ్ళకు పైగా ఛందస్సు, సంధులు చెప్పి బ్రతికినవాణ్ణి. ఈ విషయం నన్ను అడగవలసిన అవసరం ఏమి వచ్చిందా అని వాడి ముఖంలోకి చూశాను. వాడు కాస్త ఇబ్బంది పడుతూ, "మీకు కూడా ఉన్నాయి కదా సార్, అందుకని..." అని ఆగిపోయాడు. నవ్వు వచ్చింది. పిల్లవాడి తర్కంలో లోపమేమీ లేదు.

ఆ తరువాత జేబులోనుంచి ఫోను తీసి ఒక ట్యూబు బొమ్మ చూపించాడు. స్నేహితుడెవరో వాడాడట, పది రోజుల్లో ముఖం తేటపడిందట, మందుల షాపులో అడిగితే ఇస్తారట. ఆ బొమ్మను రెండు వేళ్ళతో సాగదీసి, ట్యూబు మీద సన్నగా అచ్చయిన పేర్లు చదివాను. మూడు మందుల పేర్లు ఉన్నాయి. వాటిలో మొమెటసోన్ అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. ఆ మాటతో నాకు పాత పరిచయం ఉంది. ఆ పరిచయం గురించి ఇంతవరకు ఎక్కడా వ్రాయలేదు. వ్రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు, సిగ్గు. వాడికి ఆ సాయంత్రం చెప్పినదంతా ఇక్కడ కూడా చెప్పుకొంటే ఆ సిగ్గు కొంతైనా ప్రయోజనకరం అవుతుందని ఈ టపా.

నా సంగతితో మొదలుపెడతాను. నాకు మొటిమలు మొదలైనది 1975 ప్రాంతంలో. అప్పటి తిరువూరులో మొటిమ అన్నది వైద్యం చేయించవలసిన జబ్బు కాదు, పెళ్ళీడు వస్తున్నదనడానికి గుర్తు. అమ్మ సానరాయి మీద జాజికాయ అరగదీసి పాలతో కలిపి పూసేది. ఒకనాడు వేపాకు నూరి పట్టు వేసేది, ఒకనాడు పచ్చి పసుపు. నాన్న మాత్రం "మగపిల్లవాడికి ముఖం ఏమిటే!" అని విసుక్కొనేవాడు. వీటిలో దేని వలనా నా మొటిమలు తగ్గలేదు. దేని వలనా హాని కూడా జరగలేదు. నేనే అద్దం ముందు నిలబడి గోళ్ళతో గిల్లి గిల్లి, రెండు చెంపల మీదా గుంటలు చేసుకొన్నాను. ఈనాటికీ గడ్డం గీసుకొనేటప్పుడు బ్లేడు ఆ గుంటల దగ్గర తడబడుతుంది.

సరిగ్గా ఆ 1975వ సంవత్సరంలోనే ఎక్కడెక్కడో రెండు సంగతులు జరిగాయి. మన దేశంలో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అన్న క్రీము బజారులోకి వచ్చింది. ముఖం తెల్లబడితే ఉద్యోగం వస్తుంది, సంబంధం కుదురుతుంది అని ఊరూరా చెప్పిన ఆ క్రీము, 2020లో పేరులోని ఆ తెలుపును తీసివేసి ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. ఇక రెండవ సంగతి అమెరికాలో జరిగింది. ఆల్బర్ట్ క్లిగ్మన్, ఐజాక్ విల్లిస్ అన్న ఇద్దరు చర్మవైద్యులు నల్లమచ్చలను తగ్గించడానికి మూడు మందులు కలిపిన ఒక యోగాన్ని ప్రకటించారు. హైడ్రోక్వినోన్ రంగును తయారుకానివ్వదు. ట్రెటినాయిన్ చర్మాన్ని త్వరగా మార్పిస్తుంది. ఈ రెండింటి వలన పుట్టే మంటను స్టిరాయిడు అణచివేస్తుంది. వైద్యుని కనుసన్నలలో, కొద్దికాలం వాడితే పనిచేసే మందే అది. అటువంటి మూడు మందుల క్రీముకు 2002లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చినప్పుడు కూడా మంగు మచ్చలకు మాత్రమే, ఎనిమిది వారాల వరకు మాత్రమే అని హద్దు గీసింది.

తెల్లబడాలన్న ఆశ ఒకటి, తెల్లబరచగల మందు ఒకటి. ఈ రెండూ నలభై ఏళ్ళ తరువాత మా ఇంట్లో, మా మేనకోడలి చెంప మీద కలుసుకొన్నాయి. కలిపినవాణ్ణి నేను.

2017వ సంవత్సరం. మా అక్కయ్య కూతురు అప్పుడు బియస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. పిల్ల చురుకైనది, మాట నేర్చినది. పదహారో ఏట మొదలైన మొటిమలు అప్పటికి చాలావరకు తగ్గాయి. వాటి గుర్తులు మాత్రం మిగిలాయి. కుడి చెంప మీద నేరేడుపండు రంగులో చుక్కలు, ఎడమ చెంప మీద నాలాగే నాలుగైదు చిన్న గుంటలు. ఆ వేసవిలో ఒక సంబంధం వారు చూడడానికి వచ్చారు. అంతా బాగానే జరిగింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర పెళ్ళికొడుకు తల్లిగారు, "అమ్మాయి లక్షణంగా ఉంది వదినగారూ, ముఖమే కాస్త..." అని వాక్యం పూర్తి చేయకుండా చెప్పులు వేసుకొన్నారు.

వ్యాకరణం చెప్పుకొనేవాణ్ణి కనుక చెబుతున్నాను, సమాపక క్రియ లేని వాక్యం అంత బాధ పెట్టగలదని ఆనాడే తెలిసింది. అక్కయ్య ఆ రాత్రి భోజనం చేయలేదు. పిల్ల మాత్రం నవ్వుతూనే ఉంది. కాని మరునాడు ఉదయం చూస్తే పెరటి కొళాయి దగ్గర నిమ్మచెక్కతో చెంపలు రుద్దుకొంటూ కనబడింది. చర్మం ఎర్రగా కందిపోయింది. "అదేమిటే అమ్మడూ, తోమే గిన్నె అనుకొన్నావా!" అన్నాను. "మరి ఏం చెయ్యను మావయ్యా?" అంది. ఆ ప్రశ్నలో నవ్వు లేదు.

ఆ సాయంత్రమే నేను బజారుకు వెళ్ళి మందుల షాపు వారిని అడిగాను. ఆయన మంచివాడు, నాకు తెలిసినవాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వెనుక అరలోనుంచి ఒక ట్యూబు తీసి, "ఇది బాగా పోతోందండి మాస్టారూ, రాత్రిళ్ళు పూయమనండి, పదిహేను రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది" అన్నారు. ట్యూబు మీద అందమైన అమ్మాయి బొమ్మ ఏదీ లేదు. మందు పేరు మాత్రమే ఉంది. బొమ్మ లేకపోవడంతో నా నమ్మకం మరింత పెరిగింది. ఇది అలంకరణ సామగ్రి కాదు, అసలైన మందు అనుకొన్నాను. కొని, చొక్కా జేబులో వేసుకొని, ఏదో సాధించినవాడిలా ఇంటికి వచ్చాను.

పిల్లల కాపీలలో దీర్ఘం తప్పితే ఎర్ర సిరాతో చుట్టే అలవాటున్న నేను, ఆ ట్యూబు వెనుక ఏమి వ్రాసి ఉన్నదో చదవలేదు.

షాపు ఆయన చెప్పినది నిజమే అయింది. పదిహేను రోజులు కూడా పట్టలేదు. చెంపలు తేటపడ్డాయి, చుక్కలు వెలిసిపోయాయి, అక్కడక్కడా మిగిలిన చిన్న మొటిమలు కూడా అణగిపోయాయి. ఇరుగుపొరుగు వారు "ఏం వాడుతున్నావే?" అని అడగసాగారు. అక్కయ్య ముఖంలో కళ వచ్చింది. నాకు కించిత్ గర్వం కూడా కలిగింది. ఒక ట్యూబు అయిపోగానే మరొకటి తెచ్చాను. అలా నాలుగు నెలలు.

తరువాత ఒకసారి షాపులో సరుకు లేక ఐదారు రోజులు పూత ఆగింది. మూడవనాటికి చెంపలు మండడం మొదలైంది. వారం తిరిగేసరికి ముఖమంతా ఎర్రబారి, పొక్కులు లేచి, మునుపెన్నడూ లేని చోట నూగు వెంట్రుకలు కూడా కనబడ్డాయి. చన్నీళ్ళు తగిలినా మంట. ఎండలోకి వెళ్తే మంట. పొయ్యి దగ్గర నిలబడితే మంట. మళ్ళీ ట్యూబు తెచ్చి పూస్తే ఒక్క రాత్రిలో చల్లబడేది. ఆపితే రెట్టింపు. కల్లు మానలేనివాడి తంతు వంటిదే ఇదీ అని నాకు అప్పటికి తట్టింది. ఆ నెలలో జరిగిన పరీక్షకు పిల్ల కళ్ళు మాత్రం కనబడేలా చున్నీ చుట్టుకొని వెళ్ళి వ్రాసి వచ్చింది.

చివరకు ఒకనాడు తెల్లవారుజామున బోసుబొమ్మ సెంటర్లో బస్సెక్కి, మైలవరం మీదుగా విజయవాడ వెళ్ళాము. సుమారు డెబ్భై కిలోమీటర్ల దారి. పిల్ల కిటికీ ప్రక్కన కూర్చోలేకపోయింది. వేడిగాలి తగిలితే ఓర్చుకోలేకపోయేది. నేను కిటికీ వైపు కూర్చొని తువ్వాలు అడ్డం పెట్టాను. దారిపొడుగునా ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

ఆ చర్మవైద్యురాలు చెంపలను ఒక భూతద్దం వంటి దానితో చూశారు. తరువాత ట్యూబు అడిగి తీసుకొని వెనక్కు త్రిప్పి చదివారు. "ఇది ఎవరు ఇచ్చారమ్మా?" అన్నారు. పిల్ల మాట్లాడలేదు. నా వైపు చూడను కూడా లేదు. ఆ చూడకపోవడం నన్ను కాపాడడానికే అని నాకు తెలుసు. "నేనేనండి" అన్నాను. డాక్టరుగారు కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. "రోజుకు ఇటువంటి వారు ఎందరో వస్తారు మాస్టారూ" అని మాత్రం అని, ఒక తెల్లకాగితం తీసుకొని బొమ్మ వేసి చెప్పారు.

స్టిరాయిడు ముఖాన పూస్తే లోపలి సన్నని రక్తనాళాలు ముడుచుకొంటాయి. అందువలన ఎరుపు పోయి చర్మం తెల్లగా కనబడుతుంది. వాపు అణగిపోతుంది కనుక మొటిమ కూడా మాయమైనట్లు ఉంటుంది. లోపల జరుగుతున్నది వేరు. చర్మానికి బిగువును ఇచ్చే కొల్లాజెన్ తగ్గిపోతుంది, పైపొర పలచబడుతుంది. మందు ఆపగానే ముడుచుకొన్న నాళాలు ఒక్కసారిగా విచ్చుకొని ముఖం భగ్గుమంటుంది. గుంట అంటేనే కొల్లాజెన్ తరిగిన చోటు. గుంటలున్న చెంపకు కొల్లాజెన్‌ను తినివేసే మందు పూయడమంటే, గోతులు పడిన రోడ్డు మీద మట్టి ఇంకా తవ్వి పోయడమే.

ఇది ఒక్క మా ఇంటి కథ కాదని తరువాత చదివితే తెలిసింది. మన దేశపు చర్మవైద్యులు కొందరు పలు నగరాలలో కలిసి చేసి 2011లో ప్రకటించిన పరిశీలనలో, ముఖ చర్మవ్యాధులతో వచ్చిన 2926 మందిని విచారిస్తే 433 మంది స్టిరాయిడు పూతలు వాడుతున్నట్లు తేలింది. వారిలో నూటికి 59 మందికి ఆ మందును సూచించినది వైద్యుడు కాదు. బంధువులు, స్నేహితులు, షాపుల వారు. అంటే నా వంటి మావయ్యలు. ఈ అవస్థకు వైద్యులు ఒక పేరు కూడా పెట్టారు, ‘స్టిరాయిడు వలన చెడిన ముఖం’ అని.

అప్పటి చట్టంలో ఒక సందు ఉండేది. చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందుల జాబితాను షెడ్యూల్ హెచ్ అంటారు. ఆ జాబితాలో పైపూతకు వాడే మందులకు మినహాయింపు ఉండడం చేత, మ్రింగే స్టిరాయిడుకు ఉన్న కట్టడి పూసే స్టిరాయిడుకు లేకుండా పోయింది. చర్మవైద్యుల సంఘం ఏళ్ళ తరబడి మొరపెట్టుకొన్న మీదట, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడు పూతలను చీటీ లేకుండా అమ్మరాదని ప్రకటించింది. మా ట్యూబులు కొన్నది దానికి ముందు సంవత్సరం. చట్టం ఆలస్యంగా వచ్చిందని నేను తప్పించుకోవచ్చు. కాని ట్యూబు మీద అక్షరాలు చట్టం రాకముందు కూడా ఉన్నాయి.

ఇక ఆ పిల్లవాడు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. నేను వైద్యుణ్ణి కాను. దెబ్బ తిన్న తరువాత చదువుకొన్నవాడు చెప్పే మాటలుగానే వీటిని తీసుకోండి.

మొదట తెలుసుకోవలసినది, మనం ‘మచ్చ’ అన్న ఒకే మాటతో రెండు వేరు వేరు సంగతులను పిలుస్తున్నామని. మొటిమ మానిన చోట రంగు మాత్రమే మిగిలితే అది ఒకటి. చర్మమే క్రుంగి గుంట పడితే అది వేరొకటి. చీకటి గదిలో అద్దం ముందు నిలబడి, టార్చిలైటును చెవి ప్రక్కనుంచి అడ్డంగా వేసి చూడండి. నీడ పడితే గుంట, పడకపోతే మచ్చ. లేదా కళ్ళు మూసుకొని వేలితో తడమండి. వేలికి తగిలేది గుంట, కంటికి మాత్రమే కనబడేది మచ్చ. షాపుకు వెళ్ళేముందు ఈ పరీక్ష చేసుకొంటే సగం డబ్బు మిగులుతుంది. మూడవ రకం కూడా ఒకటి ఉన్నది. దవడల మీద, ఛాతీ మీద, భుజాల మీద కొందరికి మచ్చ ఉబ్బి గట్టిపడుతుంది. దానికి సిలికోన్ జెల్ వంటివి కొంత పనికివస్తాయి కాని, పెరుగుతున్నట్లు కనబడితే వైద్యుని చూడడమే మంచిది.

రంగుమచ్చకు పెద్ద మందు కాలం. మన వంటి చామనచాయ చర్మం మీద అది నెలల తరబడి ఉంటుంది, ఒక్కొక్కప్పుడు ఏడాది దాటుతుంది, కాని చాలావరకు తానే వెలిసిపోతుంది. దానిని వెలవనివ్వనిది ఎండ. మా తిరువూరు ఎండ సంగతి ఈ వైపు వారికి చెప్పనక్కరలేదు. మామిడికాయ కోతల రోజులలో నలభై దాటడం మామూలే. ఆ ఎండలో బండి మీద తిరుగుతూ రాత్రిపూట ఎంత ఖరీదైన క్రీము పూసినా, పగలు కుండ నింపి రాత్రి చెంచాతో తోడడం వంటిదే. అందువలన చీటీ లేకుండా కొనవలసిన వాటిలో మొదటిది సన్‌స్క్రీన్. ఎస్‌పిఎఫ్ 30 కాని అంతకు మించినది కాని చాలు. కందిగింజంత కాదు, చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు చారలు వేస్తే వచ్చేటంత పూయాలి, ఎండలో తిరిగితే రెండు మూడు గంటలకు మళ్ళీ పూయాలి. మగపిల్లలు దీనికి సిగ్గుపడతారు. సిగ్గుపడవలసిన విషయాలు ఇంకా చాలా ఉన్నాయి. నియాసినమైడ్, అజెలాయిక్ ఆమ్లం, విటమిన్ సి వంటివి రంగు తగ్గడానికి కొంత తోడ్పడతాయి. కొంత మాత్రమే, అదీ రెండు మూడు నెలలు విడవకుండా వాడితే. పదిరోజులలో ఫలితం చూపించే పూత ఏదైనా ఉంటే దానిని చూసి సంతోషించకండి, భయపడండి.

రెండవది, కొత్త మొటిమలు లేస్తూ ఉండగా పాత మచ్చలకు మందు వాడడం, కన్నం పూడ్చకుండా పడవలో నీళ్ళు తోడడమే. మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ పాత మందు, మంచి మందు. శాతం ఎక్కువైతే గుణం ఎక్కువని అనుకొంటారు కాని, 2.5 శాతం మందు దాదాపు 10 శాతం మందు చేసినంత పని చేస్తుందని, మంట మాత్రం తక్కువని 1986లోనే తేల్చారు. ఒక్కటే ఇబ్బంది, అది తగిలిన దిండు గలీబు, తువ్వాలు రంగు వెలిసిపోతాయి. తెల్లవి వాడుకోండి. అడాపలీన్ అన్న జెల్‌ను 0.1 శాతం వరకు చీటీ లేకుండా అమ్మడానికి అమెరికాలో 2016లో అనుమతించారు. ఇక్కడ మాత్రం వైద్యుని సలహా మీదనే మొదలుపెట్టడం మేలు. మొదటి వారాలలో చర్మం ఎండి పొట్టు లేస్తుంది, అది చూసి చాలామంది మానివేస్తారు. గర్భవతులు దాని జోలికి పోరాదు.

మూడవది గుంటలు. ఈ మాట చెప్పినప్పుడు ఆ పిల్లవాడి ముఖం వాడిపోయింది, అయినా చెప్పక తప్పదు. గుంటను పూడ్చే క్రీము లేదు. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిపిన కాస్త ఘాటైన జెల్‌ను 24 వారాలు వాడితే గుంటల సంఖ్య కొంత తగ్గినట్లు, వాడని వైపు పెరిగినట్లు ఒక పరిశోధనలో చూపించారు. అంటే పూతమందు వలన ఎక్కువ మేలు కొత్త గుంటలు పడకుండా చూడడంలో ఉంది. ఉన్నవాటికి సూదులతో సన్నగా గ్రుచ్చడం, లేజరు, ఆమ్లంతో చుక్క పెట్టడం, అడుగున పట్టి ఉన్న నారను కోయడం వంటివి వైద్యుని చేతి పనులు. సూదిపోటు వలె లోతైన గుంటకు ఒకటి, పళ్ళెం వలె వెడల్పైన దానికి ఒకటి, అల వలె ఉన్నదానికి వేరొకటి. అవి కూడా తగ్గిస్తాయే కాని చెరిపివేయవు.

వంటింటి విషయం కూడా ఒక మాట. అమ్మ జాజికాయనూ పసుపునూ నేను తప్పు పట్టను. ఆ చేతి చల్లదనమే వేరు. నిమ్మరసం మాత్రం వద్దు. నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్లు బొబ్బలెక్కి కొత్త నల్లమచ్చలు పడతాయి. టూత్‌పేస్టు పళ్ళకు. విటమిన్ ఇ గుళికలు చితిపి పూస్తే మచ్చ పోతుందన్నది కూడా నిలబడని మాటే. 1999లో కొందరు రోగుల మీద పరీక్షించి చూస్తే మేలు కనబడలేదు సరికదా, మూడో వంతు మందికి దురద, దద్దుర్లు వచ్చాయి.

చివరిది, నాకు అన్నింటికంటె ఖరీదైన పాఠం. ట్యూబును వెనక్కు త్రిప్పి చదవండి. ఎడమ ప్రక్క నిలువుగా ఎర్రగీత ఉంటే అది వైద్యుని చీటీ మీద ఇవ్వవలసిన మందు. షాపువారు ఎంత మంచివారైనా, ఎంత తెలిసినవారైనా సరే. గీత కనబడకపోయినా పేర్ల చివర చూడండి. బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లుటికసోన్, క్లోబెటసోల్, ఫ్లుయోసినోలోన్. ఇంగ్లీషు రానివారు కూడా అంత్యప్రాస పట్టుకోగలరు. సోన్, సోల్, లోన్ అని తోక ఉంటే మొటిమల మచ్చకు అది పనికిరాదు. అన్ని స్టిరాయిడు పేర్లూ ఈ ప్రాసలో ఇమడవు కాని, మన షాపులలో ముఖానికని ఇచ్చేవి చాలావరకు ఇవే. ఇప్పటికే వాడుతున్నవారు భయపడి ఒక్కసారిగా మానివేయకండి, వైద్యుని దగ్గరకు వెళ్ళండి. దానిని దించే పద్ధతి వేరే ఉంటుంది.

మా మేనకోడలి ముఖం చల్లబడడానికి ఏడు నెలలు పట్టింది. రంగుమచ్చలు రెండేళ్ళలో ఎటుపోయాయో తెలియకుండా పోయాయి, అవి ఏమీ పూయకపోయినా పోయేవే. గుంటలు అలాగే ఉన్నాయి. ముక్కు ప్రక్కన సన్నని ఎర్రని నాళాలు మాత్రం మిగిలిపోయాయి. అవి మొటిమలవి కావు, నావి. హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన తరువాత తన జీతంతో సూదుల చికిత్స మూడు విడతలు చేయించుకొంది. నాలుగవ విడతకు వెళ్ళావా అని ఫోనులో అడిగితే, "లేదు మావయ్యా, ఆ డబ్బులు పెట్టి ఫ్రిజ్ కొన్నాను" అంది. ఆ నాలుగు నెలల సంగతి మేమిద్దరమూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. విజయవాడ డాక్టరుగారి గదిలో నా వైపు చూడకుండా ఉన్నప్పుడే ఆ పిల్ల చెప్పవలసినది చెప్పింది.

నా పూర్వ విద్యార్థి అంతా ఓపికగా విన్నాడు. విని, "ఆరు నెలలంటే కష్టం సార్, వచ్చే నెలలో కాలేజీ మొదలవుతుంది. అంతలోపు ఏమీ లేదా సార్?" అన్నాడు. లేదన్నాను. కాఫీ త్రాగి వెళ్ళాడు. వాడి నడక చూస్తే నా మాట రుచించినట్లు లేదు. పదిహేడేళ్ళ వయసులో నాకూ రుచించేది కాదు.

నిన్న సాయంత్రం ఫోను చేశాడు. వెనుక బజారు రొద వినబడుతోంది. "సార్, షాపులో ఉన్నాను. ఇది వేరే కంపెనీదట సార్, మచ్చలకు స్పెషల్ అంటున్నారు. వెనకాల చదువుతున్నా... చివర సోన్ అని ఉంది సార్. పెట్టెయ్యనా?"

"పెట్టెయ్" అన్నాను.

కాసేపు ఏమీ వినబడలేదు. తరువాత వాడు షాపు ఆయనతో అంటున్న మాట దూరంగా వినిపించింది: "ఇది వద్దండి. సన్‌స్క్రీన్ ఏమైనా ఉందా?"